ఏమీ కలపని సీసా

తెల్లగుడ్డ కప్పిన బల్ల మీద రొట్టె పళ్లెం ఒక పక్క, ద్రాక్షరసం గిన్నెల పళ్లెం ఇంకో పక్క గుడ్డని లేపి పట్టుకుని ఉన్నాయి. ప్రసంగం అయ్యాక, కానుకల పాట అయ్యాక, ఆ గుడ్డ తీసేముందు తన పేరు పిలుస్తారు. అంటే ఇంకో గంట, కాదు, అయ్యగారు ఈవేళ తొందరలో ఉంటే గంటకి కాస్త తక్కువే, అనుకుని జ్ఞానసుందరి చాప మీద ఎడమకాలు చాపి కుడికాలు ముడిచింది, మళ్లీ కుడికాలు చాపి ఎడమకాలు ముడిచింది. పిలిచినప్పుడు లేవగలనా, లేచాక కాళ్లు నిలుస్తాయా, పొద్దున్న ఆ గ్లాసుడు టీ తాగకుండా ఉండాల్సింది, మధ్యలో బయటికి వెళ్లాల్సి వస్తే భయపడి పారిపోయిందంటారు. లేచి నిలబడి మూడు మాటలు చెప్పాలి. నా భర్త రాబర్ట్ గారికి ఆ రోజుల్లో మందు పెట్టారు. ఆయన తెలిసి చేసింది కాదు. నేను క్షమించాను. సంఘ పెద్ద స్టాన్లీ ఆ మూడు మాటలూ కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు, డెబ్బై ఒక్కేళ్ల మనిషి తడబడుతుందని. కాగితం జాకెట్టులో చెమటకి మెత్తబడుతోంది. అటుపక్క మగవాళ్ల బెంచీల్లో మొదటి వరసలో రాబర్ట్ కూర్చున్నాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, వెనక నుంచి చూస్తే మెడ కోడిపిల్ల మెడలా సన్నబడిపోయింది. ఆయన ముప్పయ్యేళ్ల వయసులో ఆ మెడ తనకి తెలుసు, నల్లగా, నూనె రాసినట్టు ఉండేది. ఈ మెడ ఎవరిదో.

"పిన్నీ, నీ ఆయన కొత్త పెళ్లికొడుకులాగ తయారైపోనాడు సూసేవా," అంది పక్కన కూర్చున్న పద్మకుమారి, పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని. "చొక్కా ఇస్త్రీ ఎవులు సేసేరు, నువ్వేనా?"

"నానెందుకు సేత్తాను. బడ్డీకొట్లో ఇచ్చుకున్నాడు."

"మరి రేపట్నుంచి నువ్వే సెయ్యాలి కదేటి," అని పద్మకుమారి కిసుక్కున నవ్వింది, ముందువరసలో ముసలమ్మ వెనక్కి తిరిగి చూస్తే పాటలో గొంతు కలిపేసింది.

రేపటి నుంచి. అదే కదా ఒప్పందం. మూడు వారాల కిందట ఆయన శృంగవరపుకోట బస్సు దిగి, ఆటో కూడా ఎక్కకుండా ఎండలో నడుచుకుంటూ వచ్చి, తన ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. నలభై మూడేళ్ల తరవాత మొదట అడిగింది మంచినీళ్లు. ఆయన వెంట వెళ్లిన గున్నమ్మ పోయిన ఏడాది చనిపోయిందట. గరివిడిలో ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన ఇల్లు ఎప్పుడో ఖాళీ చేశాడట, అద్దెగదిలో ఉంటున్నాడట, గుండె బాగాలేదట. చెప్పిచెప్పి అసలు మాటకి వచ్చాడు. "నాను పోతే ఆళ్లు కాల్చేత్తారు జ్ఞానం. గున్నమ్మని అలాగే కాల్చేసేరు. మన సమాధుల తోటలో మా నాన్న పక్కన జాగా ఉన్నాది, సూసేను. సంఘంలో పేరుంటేగాని ఇవ్వరట. నువ్వు సాక్ష్యం సెప్తేగాని పేరు రాయరట." చనిపోయాక ఆరడుగుల చోటు కావాలి, అంతవరకూ తన ఇంట్లో ముందుగది కావాలి. ఆమెకి కోపం రాలేదు. రాకపోగా లోపల ఎక్కడో దీపం వత్తి ఎగదోసినట్టయింది, ఎందుకంటే ఆ తరవాత ఆయన గొంతు తగ్గించి, "అది మందెట్టిందే, నీకు తెల్దా, లేకపోతే నిన్ను ఒగ్గీసి నానెలా ఎల్తాను," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినాలని ఆమె నలభై మూడేళ్లు బతికింది. అత్తగారు అంది, వీధి అంది, పెద్దలు అన్నారు, తను అంది. ఆయన మాత్రం ఆ రోజుల్లో తల దించుకుని ఊరుకున్నాడే తప్ప నోరు విప్పి అనలేదు. ఇప్పుడన్నాడు. ఆ పూట అన్నం వండి పెట్టింది.

అంటే ఏమిటి, ఆయన తనని విడిచి వెళ్లలేదు. ఆయన్ని ఎవరో లాక్కుపోయారు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా మీదే ఆమె ఇల్లు కట్టుకుంది, మిషను ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా ముప్పయ్యేళ్లు చేసింది, ఆ పిల్లలు పారేసిన వాచకాలు ఏరుకుని చూపుడువేలు కింద అక్షరం అక్షరం పెట్టి చదువు నేర్చుకుంది. ప్రతి జూన్‌లో హాస్టల్‌కి పిల్లలు వచ్చేవారు, ప్రతి ఏప్రిల్‌లో వెళ్లిపోయేవారు, వెళ్లిపోయేటప్పుడు గేటు దగ్గర ఆమె ఎప్పుడూ నిలబడేది కాదు, వంటింట్లో అండాలు తోముతూ ఉండేది. బస్సు చప్పుడు పోయేదాకా తోమేది. కడుపులోనే పోయిన బిడ్డలిద్దరు, పెళ్లై సీలేరు వెళ్లి జ్వరంతో పోయిన చెల్లెలు, వీళ్లంతా చెప్పకుండానే వెళ్లారు కాని, కావాలని వెళ్లలేదు. ఆయన కూడా ఆ వరసలోనే. అలా అనుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టేది.

అయ్యగారు తప్పిపోయిన గొర్రె గురించి చెబుతున్నారు. ఈవేళ్టికి తగిన వాక్యమే ఏరుకున్నారు. ఫ్యాను తిరిగినప్పుడల్లా టకటకమని ఒక చప్పుడు, గొర్రె అన్నప్పుడు టక, కాపరి అన్నప్పుడు టక. గున్నమ్మ బుట్ట దించినప్పుడు కూడా అలాంటి చప్పుడే, వెదురుబుట్ట గట్టుకి తగిలి. సముద్రపు ఒడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చేది, ఎండునెత్తళ్లు, సావిడాయలు, వారానికి రెండుసార్లు. వీధి చివర ఉండగానే వాసన ముందు వచ్చేది, తరవాత కేక వచ్చేది, ఆ తరవాత మనిషి. పొడుగాటి మనిషి, కాళ్లకి కడియాలు. అందుకే కదా జనానికి అంత నమ్మకం కుదిరింది. "ఎండుసేపల బుట్ట మోసేదాని ఎనక మిషను బడి పంతులు నడిసేడంటే మందు కాక మరేటి? ఆ కంపుకి ఎవుడు పడతాడు?" అని వీధి వీధంతా అంది. అత్తగారు ఇంకో మాట కూడా అనేది, వీధి వినకుండా, తను వినేలా. "ఆపరేషనయిన ఆడది ఆరిపోయిన పొయ్యి. మగోడు సలికి ఎటో పోతాడు." రెండో కాన్పులో కూడా బిడ్డ పోయి, గర్భసంచీతో పాటు లోపలున్నవన్నీ తీసేశారు, ఇరవై ఏడేళ్లకి. దాంతో తన ఒంట్లోంచి ఏదో పోయిందని ఆమెకీ అనిపించింది. చందనం సబ్బు కొని రోజుకి మూడుసార్లు ఒళ్లు కడిగేది. ఆయన గదిలోకి వచ్చి, కిటికీ తీసి, అటు తిరిగి పడుకునేవాడు.

ఆ కిటికీ ఎందుకు తీసేవాడో నాలుగేళ్ల కిందట అర్థమైందనుకుంది. ఆదివారం పేపర్లో ఒక వ్యాసం వచ్చింది. ఈస్ట్రజన్ జాతికి చెందిన ఒక పదార్థం ఉందట, గర్భిణుల మూత్రంలో మొదట దొరికిందట. దానికి మనకి తెలిసే వాసన లేదు. అయినా ముక్కు దగ్గర పెడితే, మగవాళ్లకి తెలియకుండానే లోపల ఏదో మారుతుందేమోనని చైనాలో ఎవరో పరీక్ష పెట్టారట. చీమలకీ చిమ్మటలకీ ఉన్నట్టు మనుషులకి కూడా పిలిచే వాసన ఒకటి ఉండవచ్చట. ఉండవచ్చు అనే రాశారు. ఆమె ఉంది అని చదువుకుంది. వ్యాసం కత్తిరించి పాటల పుస్తకంలో దాచింది. తన ఒంట్లోంచి తీసేసింది ఆ ఈస్ట్రజన్ ఊరే చోటునే అని హాస్టల్ నర్సుని అడిగి తెలుసుకుంది. ఇంకేం, లెక్క సరిపోయింది, అత్తగారు అన్నదీ వీధి అన్నదీ ఒకటే. తన దగ్గర లేనిది గున్నమ్మ దగ్గర ఉంది, ఎండుచేపల కంపు కింద ఉంది, ఆయన ముక్కుకి తెలియదు, ఆయన కాళ్లకి తెలిసింది. మందు అంటే అన్నంలో కలిపే పసరే కానక్కర్లేదు. పేపర్లో రాశారు కదా.

"పిన్నీ, మంచినీల్లు తాగుతావేటి, మొహం అలా అయిపోనాది?"

"ఒద్దే. తాగితే లెగాలి."

"ఏటి బయం. మూడు మాటలే కదా. సెప్పీసి కూకో. కాని పిన్నీ," పద్మకుమారి మరీ దగ్గరికి జరిగింది, "రాత్రులు గురక పెడతాడేమో ముందే అడుగు. మా ఆయన్ని అడక్కుండా సేసుకున్నాను నాను."

నవ్వు వచ్చింది. ఆపుకుంది. నవ్వే రోజు కాదు ఇది. నిన్న ఈపాటికి విజయనగరంలో కాలేజీ గదిలో ఉంది. రెండో చెల్లెలి మనవరాలు షాలిని అక్కడ పరిశోధన చేస్తోంది, సైకాలజీ. ఆ పిల్ల రెండు వారాల కిందట ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, నీ పేపర్ ముక్క గుర్తుందా? ఆ పదార్థంతో మేం పరీక్ష పెడుతున్నాం, అరవై దాటినవాళ్లు కూడా కావాలి, వస్తావా," అంటే, అప్పటికి రాబర్ట్ వచ్చి వెళ్లి వారమే అయింది, దేవుడే పంపించాడనుకుంది. నిన్నటికి ముందు రెండు రోజులు పరీక్షకి వెళ్లింది. కిటికీలు మూసిన గది, ఫ్యాను ఆపేశారు. కాగితం మీద సంతకం పెట్టమంటే పేరు మొత్తం రాసింది, ఒక్క వత్తు కూడా పోకుండా. ముక్కు కింద చిన్న దూది ముక్క అంటించారు. రెండు సీసాలున్నాయి. రెంటిలోనూ లవంగనూనె వాసనే. ఒకదాంట్లో నూనెతో పాటు ఆ పదార్థం ఉంది, ఇంకోదాంట్లో ఏమీ కలపలేదు. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఒకటి. కంప్యూటర్ మీద మొహాలు వస్తాయి, ఆడో మగో తేల్చలేని మొహాలు, ఆడయితే ఒక మీట, మగయితే ఒక మీట, ఎంత బాగుందో పదికి మార్కులు. "ఈవేళ ఏ సీసా?" అని అడిగింది. "నాకూ తెలీదమ్మమ్మా," అంది షాలిని. "నంబర్లు కవర్లో పెట్టి మా మేడం దాచేసింది. నాకు తెలిస్తే నా మొహం చూసి నువ్వు ఊహించేస్తావు. నువ్వు కాదు, ఎవరైనా సరే."

మొదటిరోజు దూది అంటించగానే అయిపోయింది. మొహాలు కనపడలేదు. కళ్లలోంచి నీళ్లు అవే కారిపోతున్నాయి, మీటలు తడిసిపోయాయి. ముందుగది, గోడ అద్దం, అద్దంలో ఆయన. వచ్చిన ప్రతి మొహానికీ మగ, మగ, మగ అని నొక్కింది, అన్నిటికీ పదికి పది. షాలిని కంగారుపడి ఆపేద్దామంటే ఒప్పుకోలేదు. రెండోరోజు దూది పెడితే ఏమీ లేదు, వంటింటి వాసన, అంతే, మొహాలన్నీ అన్నం తినని మొహాల్లా ఉన్నాయి. ఇక రుజువు ఏం కావాలి? ఆ పదార్థం ఉన్న సీసా మొదటిరోజుది. ఒంట్లో ఏమీ మిగలని ముసలిదాన్నే అలా ఊపేస్తే, ముప్పైరెండేళ్ల మగవాడు ఎలా నిలుస్తాడు? పాపం, ఆయన. ఆ రాత్రి నిజంగానే అనుకుంది, పాపం ఆయన అని. తను క్షమించడానికి కూడా ఏమీ లేదని.

నిన్న కవరు విప్పారు. అరవై నాలుగు మంది చేసింది కలిపి చూస్తే రెండు సీసాలకీ తేడా ఏమీ రాలేదు. "లేదని తేలిపోయినట్టు కాదమ్మమ్మా. మాకు కనపడలేదు, అంతవరకే. ఆస్ట్రేలియాలో చేస్తే వాళ్లకీ కనపడలేదు," అంది షాలిని, ఉన్నదున్నట్టు చెప్పే పిల్ల. జ్ఞానసుందరి తన సంగతే అడిగింది. తనది చెప్పు. తనకి ఏడుపొచ్చిన రోజుది. షాలిని కాగితం మీద వేలు జరిపింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. "ఆ రోజు నీ సీసాలో ఏమీ కలపలేదమ్మమ్మా. ఉత్త లవంగనూనె."

ఉత్త లవంగనూనె. విజయనగరం కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడి, బస్సులో కూర్చుని, ఇంటి తాళం తీసి, అదే మాట. రాత్రి పడుకుని కూడా పడుకోలేదు. తెల్లవారుజామున లేచి వంటింట్లో డబ్బా తీసి నాలుగు లవంగాలు అరచేతిలో పోసుకుని వాసన చూసింది. ముందుగది, గోడ అద్దం, అద్దంలో ఆయన. ఆయన తల దువ్వుకుంటున్నాడు, వేలితో మీసం సరిచేసుకుంటున్నాడు, దవడ లోపల ఏదో నములుతున్నాడు. ఆ ఏడాది క్రిస్మస్‌కి పలావు చేద్దామని డబ్బా తీస్తే లవంగాలు లేవు. అత్తగారితో మాటలు పడింది, కొన్న లవంగాలు ఎవరికి దోచిపెట్టావని. ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. విని, కండువా వేసుకుని, ఆదివారపు బడి పంతుళ్ల మీటింగుందని వెళ్లిపోయాడు, ఆయన వెళ్లిన దారంతా సన్నగా లవంగం వాసన. పుచ్చుపన్ను ఉండేది ఆయనకి, నోరు వాసన వేస్తుందని సిగ్గు. తన దగ్గర ఎప్పుడూ పడలేదు ఆ సిగ్గు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఒక్కనాడు తన కోసం ఒక్క లవంగం నమలలేదు. సాయంత్రానికి రెండు చొప్పున నమిలాడు ఆమె కోసం, ఎండుచేపలు మోసే మనిషికి తన నోటివాసన తగలకూడదని. ఒంటి మీద తెలివి లేనివాడు, ఏదో లాగుతుంటే కొట్టుకుపోయేవాడు, అద్దం ముందు నిలబడి మీసం సరిచేసుకోడు. తల్లీ పెళ్లామూ లవంగాల కోసం తిట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి విని ఊరుకోడు. ఆయనకి తెలుసు. మొదటి లవంగం దగ్గర్నుంచీ తెలుసు. ఇష్టపడ్డాడు. అంతే, ఇష్టపడ్డాడు, అది ఎంత చిన్నమాట. ఆ చిన్నమాట చెప్పలేక, ఒకదాన్ని మందులదాన్ని చేశాడు, ఒకదాన్ని ఆరిపోయిన పొయ్యిని చేశాడు, ఇద్దరి మధ్యలోంచి చొక్కా నలక్కుండా నడిచిపోయాడు.

ప్రసంగం అయిపోవచ్చింది. అయ్యగారు గొర్రెని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేశారు. అప్పుడు కూడా ఇలాగే ఆదివారం. ఇంకా పెంకుల కప్పు, ఈ ఫ్యాను లేదు. బల్ల ముందు ఐదుగురు పెద్దలు, అందరూ పోయారు ఇప్పుడు. రాబర్ట్ పంతులు మీద వ్యభిచారం మాట వచ్చింది, నిజమైతే సంఘంలోంచి పేరు తీసేయాలి, పేరు తీసేస్తే మిషను బడిలో ఉద్యోగం ఉండదు. "అమ్మా, నువ్వు చెప్పు, మందు పెట్టిందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. అడిగినవాళ్ల మొహాల్లో జవాబు రాసి ఉంది. ఐదు మొహాల్లోనూ ఒకటే జవాబు, అత్తగారి మొహంలోనూ అదే. అప్పటికి తనకి అచ్చులు కూడా రావు కాని, ఆ జవాబు చదవగలిగింది. "అవునండి, నా కళ్లతో సూసేను," అంది. చూడలేదు. ఏమీ చూడలేదు. చూశానంటే ఆయన ఉండిపోతాడనుకుంది. పేరు ఉంచారు. ఆయన నెల తిరక్కుండా బడి నుంచి సత్ప్రవర్తన సర్టిఫికెట్ తీసుకున్నాడు, దాన్ని చూపించి గరివిడి ఫ్యాక్టరీలో టైంకీపరుగా చేరాడు, గున్నమ్మని తీసుకుపోయాడు. సంఘంలో పేరు కొట్టేసింది ఆ తరవాతే. మచ్చలేని సర్టిఫికెట్. తన నోటితో రాసిచ్చింది.

ఆ నోటితోనే ఇంకొకటి కూడా. మంచినీళ్లు తాగి అన్నం తిన్న రోజున ఆయన అన్నం కలుపుకుంటూ మాటవరసకి అన్నాడు, "పాపం, గున్నమ్మ బాగా ఒండేది. మనోల్లు సర్చిలో తేల్చేసేరని తెలిసి, ఆళ్ల ఊరోల్లు ముందు పళ్లు రెండూ రాయెట్టి ఊడగొట్టేసేరు కదా, మంత్రం పలక్కుండా. అప్పట్నుంచి అది మాటాడితే ఈలేసినట్టుండేది." అని నవ్వాడు కూడా కొంచెం. ఆమె విని పెరుగు వడ్డించింది. ఎలా వడ్డించింది? చాలాకాలం కిందట ఒకసారి విజయనగరం బస్టాండులో గున్నమ్మ ఎదురుపడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తనని చూసి నవ్వు దాచుకుంటోందనుకుంది జ్ఞానసుందరి. ఆ నవ్వుని నలభై ఏళ్లు పగబట్టింది. నలభై ఏళ్లు ఒక మగవాడికి వండిపెట్టి, ఆయన పక్కన ఈలలా మాట్లాడి, చచ్చిపోయి, కాలిపోయాక కూడా ఆ మనిషి మందు పెట్టినదే. ఇంకో పది నిమిషాల్లో తను లేచి, జాకెట్టులోంచి కాగితం తీసి, మళ్లీ పెట్టించాలి ఆమె చేత ఆ మందు. ఆరడుగుల చోటు కోసం.

కానుకల పాట అయింది. సంచి తిరిగి బల్ల మీదికి చేరింది. అయ్యగారు గొంతు సవరించుకుని, ఈవేళ పరలోకంలో సంతోషం కలిగే దినమని, సహోదరుడు రాబర్ట్ గారు తిరిగి ఇంటికి వచ్చారని, ఆయన భార్య జ్ఞానసుందరి గారు లేచి సాక్ష్యం చెబుతారని అన్నారు. పద్మకుమారి మోచెయ్యి పట్టుకుని లేపింది. కాళ్లు నిలిచాయి. ఆశ్చర్యంగా రెండూ నిలిచాయి. రాబర్ట్ ఇటు తిరిగాడు, అప్పుడే క్షమించబడిన మొహం పెట్టుకుని.

"నలభై మూడేళ్ల కింద," అంది జ్ఞానసుందరి, ముందు వరసలకి వినపడలేదేమోనని మళ్లీ అంది. "నలభై మూడేళ్ల కింద నాను ఇక్కడే నిలబడి, గున్నమ్మ మందెడతంటే కల్లారా సూసేనని సెప్పేను. నాను సూడనేదు. అబద్ధం సెప్పేను."

చాపల మీద చిన్న కదలిక. స్టాన్లీ మొదటి బెంచీలోంచి సగం లేచాడు. "అత్తా, కాగితం... కాగితం సూసి చదువు."

"సదివేను బాబూ. సదవడం ఒచ్చు నాకు."

అయ్యగారు మెత్తగా నవ్వారు. "అమ్మా, పాత సంగతులు ప్రభువు చూసుకుంటాడు. మీరు ఆయన్ని క్షమించారా లేదా, అది చెప్పండి చాలు."

"అదే అడుగుతన్నానండి అయ్యగారూ. మందు తిన్నోడికి క్షమాపణ ఎందుకండి? ఆయన సేసిందేటీ నేదు కదా. క్షమించాలంటే, ఆయన సేసింది ఏటో ఆయన సెప్పాలి కదా." మగవాళ్ల వైపు తిరిగింది, చర్చిలో ఇంతవరకూ ఏ ఆడదీ అటు తిరిగి మాట్లాడినట్టు ఆమెకి గుర్తు లేదు. "మీరే సెప్పండి. అది మందెట్టిందా, మీకే ఇష్టమయ్యిందా?"

రాబర్ట్ బల్ల వైపు చూశాడు, అయ్యగారి వైపు చూశాడు, ఎవరి మొహంలోనైనా జవాబు ఉందేమోనని వెతుక్కుంటున్నాడు, ఈసారి ఎవరి మొహంలోనూ లేదు. పక్కవాళ్లకి మాత్రమే వినపడేంత గొంతుతో, "అలాగంటే నువ్వు తట్టుకుంటావనుకున్నాను జ్ఞానం," అన్నాడు.

ఆమెకి వినపడింది. కత్తి దిగినప్పుడు నొప్పి ముందు తెలియదంటారు, చల్లగా ఉంటుందంటారు, అలాగే చల్లగా ఉంది.

"తట్టుకున్నానండి," అంది. "గున్నమ్మ తట్టుకున్నాదా?"

ఆయన తల దించుకున్నాడు. ఆ దించుకోవడం ఆమెకి తెలుసు.

"అయ్యగారూ, పొరుగుదాని మీద అబద్ధ సాక్ష్యం సెప్పినోల్లకి ఏటి శిక్షో అది నాకు రాయండి. నా పేరు కొట్టీండి. ఆయన సంగతి నన్నడక్కండి, నాకు తెల్దు," అని ఆమె చాప మీద కూర్చుంది, కూర్చోవడం లేవడం కంటే కష్టమైంది. పద్మకుమారి చెయ్యి వదల్లేదు.

అయ్యగారు పుస్తకం మూశారు. ప్రభువు రొట్టెని తప్పుతో ముట్టకూడదు, తన్ను తాను పరీక్షించుకుని ఎవరికి వారే తీసుకోండి అని చెప్పి, గుడ్డ నాలుగు అంచులూ పట్టుకుని పైకెత్తారు. రొట్టె పళ్లెం ఆడవాళ్ల వైపు వచ్చింది. జ్ఞానసుందరి దాన్ని రెండు చేతులా అందుకుని, ఒక్క ముక్క కూడా తీయకుండా పద్మకుమారి చేతిలో పెట్టింది. అటుపక్క పళ్లెం రాబర్ట్ దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన తీసుకోలేదు, పక్కకి అందించనూ లేదు, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, తీసుకోనా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమెని ఆయన ఏదైనా అడిగి చేయడం అదే మొదలు. వెనక బెంచీవాడు దగ్గాడు. జ్ఞానసుందరి కళ్లు తిప్పేసుకుంది. చేతులు ఆయనవి. ఏం చేస్తాయో అవి చేస్తాయి, చేశాక అవి చేశాయని ఆయనే చెప్పుకోవాలి.